మన పిల్లలు చదువని బడి

మన సంఘ కార్యదర్శిగారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు నేను రెండు మూడు దినములు వెనుకాడితిని. ఇట్టి సంచికలలో పండితులు ప్రబంధములను గూర్చియు, విజయనగర రాజ్యమును గూర్చియు, మన పండుగల అంతరార్థమును గూర్చియు వ్రాయుట వాడుక. నేనో, పాత పదునొకండవ తరగతి పరీక్ష నెగ్గి, ముప్పది యైదేండ్లు కచేరీలో దస్త్రములు వ్రాసి విశ్రాంతి గొన్నవాడను. ఆ దస్త్రములును తమిళమున వ్రాసినవే. తెలుగున నేను వ్రాసినవి చుట్టములకు ఉత్తరములు, పెండ్లి పత్రికలు మాత్రమే. అయినను కొన్ని యేండ్లుగా ఒక సందేహము నన్ను వెన్నాడుచున్నది. పండితులెవ్వరును దానిని ఎత్తుకొనలేదు గనుక నాకు తోచినంత వరకు నేనే వ్రాయుచున్నాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

2022 ఫిబ్రవరి మాసమున నేనును నా ఇల్లాలును హోసూరులో మా కుమారుని ఇంట నుంటిమి. వేప్పనపల్లి ఇంటికి తాళము వేసి, నాలుగు నెలలు మనుమనితో గడుపవలెనని పోయి యుంటిమి. హోసూరు 2019లో నగరసంస్థ యయ్యెను. అట్లయిన పిమ్మట జరిగిన తొలి ఎన్నిక యది. 45 వార్డులు, 19వ తేదీన వోట్లు. మేయరును జనులు నేరుగా ఎన్నుకొనరు, గెలిచిన సభ్యులు ఎన్నుకొందురు. అయినను వచ్చిన ప్రతి అభ్యర్థియు తమ పక్షమువారు మేయరైనచో ఊరు బంగారమగునని చెప్పుచుండెను.

ఒకనాటి ఉదయము ఒక అభ్యర్థి మా వీధికి వచ్చెను. వీధిలోని పెద్దమనుషులు వాకిళ్లలో నిలిచి తమ తమ కోరికలు చెప్పిరి. మురుగుకాలువ పొంగుచున్నదని ఒకరు, హొగెనక్కల్ నీరు వేళకు రాదని ఒకరు, వీధికుక్కల బాధ పడలేకున్నామని ఒకరు. ఆయన వెంటనున్న పిల్లవాడొకడు అన్నియు ఒక పుస్తకములో వ్రాసికొనుచుండెను. అంతలో మా ఇంట పాచిపని చేయు అమ్మ చేతిలో చీపురుతోనే వాకిటికి వచ్చినది. ఆమెది బేరికె వైపు పల్లె. హోసూరులో ఒక గది అద్దెకు తీసికొని యున్నది. మన మాటయే మాటలాడును.

"అన్నా, మా పాప చదివే బళ్లో కక్కసుకి నీళ్లు రావు. మధ్యాన్నమయితే ఆడబిడ్డలు ఇంటికొచ్చేస్తారు. తెలుగు అయివారు పోయి రెండేండ్లాయె, ఇంకొకరు రాలే" అని చెప్పినది.

ఆయన నవ్వి "పార్కలామ్మా" అనెను. చూతమమ్మా అని దాని భావము. పుస్తకము పట్టుకొన్న పిల్లవాడు ఆ మాట వ్రాయలేదు. మా ప్రక్క ఇంటి వారు, మంచివారే, "ఆ సంగతి కలెక్టరాఫీసుకు చెప్పుకోవాలమ్మా, ఈయనకెందుకు" అనిరి. నేనేమియు అనలేదు. వారు తరువాతి ఇంటికి నడచిపోయిరి. ఆ వీధిలో నలుబది ఇండ్లుండును. వాటిలో ఒక్క ఇంటి బిడ్డయు ఆ బడిలో చదువుట లేదు. మా మనుమడును ఇంగ్లీషు బడికి పచ్చని బస్సులో పోవుచుండెను.

ఆ దినమునుండి నాకు కలిగిన సందేహమిది. తన బిడ్డ చదువని బడిని గూర్చి అడుగవలసిన పని మనుష్యునకు కలదా? కలదేని అది దయయా, ఋణమా? దయ యైనచో చేసినవాడు పుణ్యాత్ముడు, చేయనివాడు దోషి కాడు. ఋణమైనచో చేయనివాడు బాకీదారుడు. గుమాస్తాను గనుక ఈ రెంటికిని గల భేదము నాకు పెద్దదిగానే తోచును.

ప్రక్క ఇంటివారు చెప్పిన మాటలో కొంత నిజము లేకపోలేదు. ఉపాధ్యాయులను నియమించుట, పాఠ్యపుస్తకములు నిర్ణయించుట రాష్ట్ర ప్రభుత్వపు పని. మేయరు తలచినను తెలుగు అయివారిని తేలేడు. కాని నీరు, మురుగు, పారిశుధ్యము నగరసంస్థవి కావా? బడి కక్కసులోని కొళాయికి నీరు వచ్చుటకు మదరాసు సచివాలయము దాక పోవలెనా? మార్చి 4వ తేదీన సభ్యులు ఎస్.ఎ. సత్యగారిని హోసూరు తొలి మేయరుగా ఎన్నుకొనిరి. ఆ యెన్నికల ప్రచారమంతయు నేను వీధి అరుగుపై కూర్చుండి విన్నవాడను. మా వీధికి వచ్చినవారి నోట బడి యను మాట వినలేదు. వారిని నిందింపను. అడుగని దానిని అభ్యర్థి ఏల చెప్పును?

సముద్రముల కావలి న్యూయార్కు నగరమున 2002 నుండి బడుల పెత్తనము మేయరు చేతికి వచ్చినది. మన తెలుగువారు ఆ నగరపు చుట్టుపట్ల పెక్కండ్రున్నారు గనుక ఈ సంగతి చెప్పుచున్నాను. అచ్చట మేయరు పదవికి నిలుచువాడు బడిని గూర్చిన ప్రశ్నను తప్పించుకొనలేడు. 2018లో నాటి మేయరు డి బ్లాసియోగారు, ఒకే పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకొను కొన్ని ప్రభుత్వోన్నత పాఠశాలలలో నల్లజాతి పిల్లలును, స్పానిషు భాషవారి పిల్లలును మిక్కిలి తక్కువగా నున్నారని, ఆ పరీక్షను తీసివేయజూచిరి. ఆసియా నుండి పోయి స్థిరపడిన తలిదండ్రులు పలువురు, రాత్రింబవళ్లు చదివి సీటు తెచ్చుకొన్న మా పిల్లలు చేసిన నేరమేమని ఎదిరించిరి. ఆ ప్రతిపాదన చట్టము కాలేదు. ఎవరి వైపు న్యాయమున్నదో ఇంత దూరమునుండి నేను చెప్పజాలను. నా మనసున నాటినది వేరొకటి. అచ్చట ఇరుతెగలవారును నగరపు ప్రభుత్వబడుల కొరకే పోరాడిరి. తమ పిల్లలు కూర్చుండు బల్ల గనుక, కూర్చుండవలెనని కోరు బల్ల గనుక, పోరాడిరి. మా వీధిలో పోరాటము లేకపోవుట శాంతి కాదు. ఆ బల్ల మనది కాదను ఉదాసీనత.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. చెప్పనిచో ఈ వ్యాసము ఇతరులకు బుద్ధి చెప్పుటకై వ్రాసినదగును.

నేను చదివినది మా పల్లె తెలుగు బడిలో. వేప్పనపల్లి చుట్టుపట్ల పల్లెలలో తెలుగు వినని ఇల్లు అరుదు. ఒక ప్రక్క కుప్పము, ఒక ప్రక్క కోలారు సీమ. రాష్ట్రములు మూడు, మాట ఒకటే. ఆ దినములలో కరణముగారి కుమారుడును, గొఱ్ఱెలు కాయువాని కుమారుడును, అంగడి శెట్టిగారి కుమార్తెయు ఒకే గదిలో కూర్చుండిరి. అది స్వర్గమని నేననను. ఊరి వెలుపలి వాడనుండి వచ్చు పిల్లలు వెనుక వరుసలోనే కూర్చుండిరి; వారిలో అయిదవ తరగతి దాటినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కాని ఒక వానకాలమున బడి పెంకులు జారి నీరు కారినప్పుడు కరణముగారు స్వయముగా వచ్చి చూచి, కేకలు వేసి, పది దినములలో పెంకులు నేయించిరి. ఆయన తన కొడుకు పలక తడియకుండుటకై నేయించిరి. వాన మాత్రము మా అందరి నెత్తులపైనను ఆగినది.

నా పిల్లల వంతు వచ్చునప్పటికి కాలము మారెను. 1994లో మా వాడలోనికి ఒక ఇంగ్లీషు బడి వ్యాను వచ్చుట మొదలిడెను. నేను నా కుమారుని, రెండేండ్ల పిమ్మట నా కుమార్తెను, అందు ఎక్కించితిని. అందుకు నేడును చింతిల్లను. కుమారుడు హోసూరులో మంచి ఉద్యోగమున నున్నాడు. ఆ ఇంగ్లీషే వానికి అన్నము పెట్టినది.

1998లో నేను పనిచేయు కచేరీకి ఒక దస్త్రము వచ్చెను. ఆ కచేరీ యేదియో చెప్పను. ఆగస్టు నెల హాజరుపట్టీల ననుసరించి ఏ బడిలో ఎందరు ఉపాధ్యాయులు ఉండవలెనో, ఎచ్చట పదవి మిగులో తేల్చుచు పట్టిక వ్రాయవలెను. ఆ పట్టికలో మా పల్లె బడి కలదు. తెలుగు తరగతులలో పిల్లలు తగ్గినందున ఒక ఉపాధ్యాయ పదవి మిగులని నేనే కూడితిని, నేనే వ్రాసితిని, అధికారి చేవ్రాలు చేసెను. నియమము ప్రకారము అది సరియైన లెక్క. సాయంకాలము బల్లపై ఆ కాగితముండగా, ఇంకెందరు పిల్లలున్నచో ఆ పదవి నిలుచునని ఊరకే లెక్క వేసి చూచితిని. అయిదుగురు. మా వాడనుండి వ్యానెక్కు పిల్లలు తొమ్మండ్రు. అందిద్దరు నా వారు.

ఆ అయివారు వేరొక ఊరికి మార్పబడిరి. మిగిలిన ఒక్క పంతులమ్మ అయిదు తరగతులకును పాఠము చెప్పుచుండెను. బడి మూతపడలేదు, దెబ్బ తినెను. ఆ బడిలో అప్పుడు మిగిలినవారు కూలివారి బిడ్డలు. వారిలో ఏ తండ్రియు కచేరీకి వచ్చి, మా పంతులు నేల తీసితిరని అడుగలేదు. అడుగగలిగిన తండ్రులు తమ పిల్లలను తీసికొని ముందే పోయియుండిరి.

ఇందువలననే అది ఋణమని నేననుచున్నాను. బడినుండి మనము తీసికొనిపోయినది మన బిడ్డను మాత్రమే యని తలచితిమి. బిడ్డతోపాటు తండ్రి నోరును పోయినది. కచేరీ మెట్లెక్కి మాటలాడగల నోరు, అర్జీ వ్రాయగల చేయి, అధికారిని పేరుపెట్టి పిలువగల పరిచయము, ఇవి యన్నియు వ్యానెక్కి పోయినవి. మిగిలిన బిడ్డకు మనము కీడు తలపెట్టలేదు, నిజమే. కాని వాని ఇంటి పైకప్పుకు ఆనించిన మన స్తంభమును మనము పెరికికొంటిమి. స్తంభము మనది, పెరికికొను హక్కును కలదు. కప్పు క్రింద నున్నవాని మాటయో?

అయినచో పిల్లలను అచ్చటనే చదివింపక తప్పదా? కొందరట్లే యందురు. 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశమున ప్రభుత్వభృత్యులు, ప్రజాప్రతినిధులు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోనే చేర్పింపవలెనని తీర్పు చెప్పెను. ఆ వార్త చదివినప్పుడు నేనింకను ఉద్యోగముననే యుంటిని. నా పిల్లలు అప్పటికే పెద్దవారైరి గదా యని తొలుత ఊరట కలిగెను. ఆ ఊరటకు పిదప సిగ్గుపడితిని. ఆ తీర్పు ఆచరణకు రాలేదు. అందలి కోపము న్యాయమైనదే గాని, తండ్రిని బెదిరించి బిడ్డను జామీనుగా పెట్టుకొనుట నాకు మనస్కరింపదు. పైగా ఇంగ్లీషు కోరిన తల్లిదండ్రులది తప్పు కాదు. మా ఇంట పని చేయు అమ్మయే చేతిలో రూకలున్నచో తన పాపను ఆ పచ్చని బస్సే ఎక్కింతునని నా ఇల్లాలితో చెప్పినది.

బిడ్డను పంపకయే బడిని తనదిగా భావించిన తెలుగువాడొకడు మన రాష్ట్రపు చరిత్రలో నున్నాడు. సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారిని జస్టిస్ పక్షపు నాయకుడుగా మనమెరుగుదుము. మదరాసులోని త్యాగరాయనగరము వారి పేరనే వెలసినది. దేవాంగ కులజులు, మగ్గముల వ్యాపారముచే సంపన్నులు. నాటికి మేయరు పదవి లేదు, 1933లో వచ్చినది. వారు నగరసంస్థకు అధ్యక్షులు. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను బడికి బీదపిల్లలు వచ్చుట లేదు, వచ్చినను మధ్యాహ్నమునకు నిలుచుట లేదు. కారణము ఆకలి. 1920 సెప్టెంబరులో నగరసభ వారి పూనికచే, పిల్లవానికి దినమునకు ఒక అణా మించకుండ ఫలాహారము పెట్టుటకు తీర్మానించెను. తరువాత మరి నాలుగు బడులకు దానిని విస్తరించిరి. ఆ అయిదు బడులలోని పిల్లల సంఖ్య 1922-23లో 811 ఉండగా 1924-25 నాటికి 1671 అయ్యెను. 1925లో, ప్రాథమిక విద్యానిధిని తిండికి వ్యయపరచుట చట్టసమ్మతము కాదని ప్రభుత్వము ఆక్షేపించుటచే అది నిలిచిపోయినది. ఆ యేటనే త్యాగరాయశెట్టిగారును కీర్తిశేషులైరి.

ఈ కథలో నన్నాకర్షించునది అన్నము పెట్టిన సంగతి మాత్రము కాదు. అంతటి ధనవంతుడు తన యింటి ముంగిట ఒక సత్రము పెట్టి ఆ పిల్లలకు దినదినము భోజనము పెట్టియుండవచ్చును. అప్పుడది దయ యగును. తినువాడు చేయి చాపవలెను. ఆయన తన సంచి విప్పక నగరపు బొక్కసము విప్పించెను. సభలో తీర్మానము చేయించెను. తినెడి బిడ్డ ఎవ్వరికిని దండము పెట్టనక్కరలేదు. ఆ బడి తన బిడ్డలు చదువు బడి కాదు. ఆ పని ఒకమారు నిలిచిపోయినను అందలి భావము చావలేదు. 1956లో కామరాజుగారి ప్రభుత్వమున మధ్యాహ్న భోజనము రాష్ట్రమున వ్యాపించెను; 1982లో ఎం.జి.రామచంద్రన్ గారు దానిని విస్తరించిరి. 2022 సెప్టెంబరునుండి ఉదయపు ఫలాహారమును పెట్టుచున్నారు. హోసూరు బడిలో ఉప్మా తినుచున్న పాపకు ఆ అణా కథ తెలియదు. తెలియనక్కరయు లేదు.

మన సీమకు మరింత దగ్గరగా ఇంకొక కథ కలదు; చెప్పుటకు కొంచెము కష్టముగా నున్నది. రాజాజీ మన హోసూరు ప్రక్క తొరపల్లిలో మునసబుగారి ఇంట 1878లో పుట్టిరి. హోసూరు బడిలో చదివి, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలోను మదరాసు ప్రెసిడెన్సీ కాలేజీలోను విద్యనభ్యసించి, 1948లో స్వతంత్ర భారతమునకు గవర్నరు జనరలైరి. మన తాలూకా మట్టినుండి అంత ఎత్తునకు పోయినవారు మరొకరు లేరు. అట్టి మహనీయుడు 1953లో మదరాసు ముఖ్యమంత్రిగా నుండి పల్లె బడులకు ఒక క్రొత్త పథకము పెట్టిరి. బడి దినమునకు మూడు గంటలే. మిగిలిన కాలము పిల్లవాడు తండ్రి వద్ద తండ్రి వృత్తి నేర్వవలెను. ఉన్న పంతుళ్లతోనే రెండు పూటలుగా బడి నడిపినచో ఇంకెందరో పిల్లలకు చదువు చెప్పవచ్చునని వారి లెక్క. డబ్బు లేని ప్రభుత్వమునకు అది తెలివియైన లెక్కయే. నావంటి గుమాస్తా యెవడైనను మెచ్చుకొనును. కాని అది కులవిద్య యని రాష్ట్రమెల్ల అట్టుడికెను. 1954లో రాజాజీ పదవి విడిచిరి. కామరాజుగారు వచ్చి ఆ పథకమును రద్దుచేసిరి.

రాజాజీకి దురుద్దేశము అంటగట్టుట నాకు సమ్మతము కాదు. చేతిపని యందు వారికి గల గౌరవము నిజమైనది. లోపమెచ్చటననగా, పథకము వ్రాసినవారి యింటి పిల్లలు ఆ పథకములో లేరు. అది పల్లెలకు మాత్రమే వర్తించినది. పట్టణపు ప్లీడరు కొడుకు పూర్తి దినము బడిలోనే కూర్చుండెను. మన బిడ్డకు చాలదనుకొన్న చదువు మరియొకని బిడ్డకు చాలునని నిర్ణయించునప్పుడు ఎంతటి మేధావి చేయియు వణకవలెను. మునసబుగారి కుమారుడు మూడు గంటల బడిలో చదివి, మిగిలిన కాలము మునసబు పని నేర్చియున్నచో దేశమునకు రాజాజీ దొరకియుండునా? ఇది ఎగతాళిగా అనుట లేదు. త్యాగరాయశెట్టిగారును రాజాజీయు ఇద్దరును పరుల బిడ్డలు చదువు బడిని గూర్చి నిర్ణయము చేసినవారే. ఒకరు ఆ బిడ్డ ఇంకను ఎక్కువసేపు బడిలో నిలుచుటకు ఏమి కావలెనని చూచిరి. మరియొకరు ఉన్న డబ్బులో ఎంతసేపు నిలుపగలమని చూచిరి.

"ఇంటిపన్ను కట్టుచున్నాను, మా మనుమనికి వేరుగా వేలకొలది రుసుము కట్టుచున్నాను. రెండుమారులు చెల్లించు నన్ను ఇంకేమి చేయుమందురు?" అని ఒక మిత్రుడు నాతో వాదించెను. 1920 నాటి ప్రాథమిక విద్యాచట్టమే స్థానికసంస్థలకు విద్యాపన్ను వేయు అధికారమిచ్చినది. కావున ఆయన ఫిర్యాదుకు నూరేండ్ల వయసు కలదు. రెండుమారులు కట్టుట నిజమే. కాని ఎవడు తాను కట్టిన డబ్బు ఏమయ్యెనని అడుగడు? పాలవాడు నీళ్లు కలిపినచో లీటరుకు వాకిట నిలిపి అడుగు మిత్రుడు, తన పన్నుతో నడచు బడిలో కొళాయి యెండినచో అది తన సంగతి కాదనుట చూచి నాకు వింతయైనది.

మన వంటి అల్పసంఖ్యాకులకు ఈ విషయమున ఇంకొక చిక్కు కలదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చిరి. రాష్ట్రములు భాషలనుబట్టి విడిపోయిన యేడే అది చేరుట సమంజసము; మనవంటివారు ఎల్లయెడల మిగిలిపోదురని ఆ పెద్దలెరుగుదురు. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళాభ్యసన చట్టము చేసెను. ఒకటవ తరగతితో ఆరంభించి ఏడాదికొక తరగతిగా తమిళము నిర్బంధమై, 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరెను. తమిళము నేర్చుటలో నాకాక్షేపణ లేదు. నాకు జీతమిచ్చినది ఆ భాష. ఈ నేలపై బ్రతుకువాడు ఈ నేల మాట నేర్వకుండుట మర్యాదయు కాదు, లాభమును కాదు. కాని పెక్కు బడులలో తమిళము చెప్పు పంతులును రాలేదు, తెలుగు చెప్పు పంతులును నిలువలేదు. పరీక్ష మాత్రము వేళకు వచ్చినది. అందుచే మనవారు మదరాసు హైకోర్టుకును, సుప్రీంకోర్టుకును పోయి, మాతృభాషలో పరీక్ష వ్రాయుటకు ఏటికేడు మినహాయింపులు తెచ్చికొనవలసివచ్చెను. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరియొక యేటికి పొడిగించెను. ఆ వ్యాజ్యములు నడపిన పెద్దలకు నా నమస్కారము. వారు తమ పిల్లలు చదువని బడుల కొరకు కూడ నల్లకోటుల వెంట తిరిగిరి.

కాని అదే చేతితో మనము చేయుచున్న మరియొక పనిని చూడుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రైవేటు పాఠశాలలు ప్రవేశపు తరగతిలో నూటికి 25 స్థానములు బీదపిల్లలకు ఈయవలెను. అల్పసంఖ్యాకుల బడులకు ఆ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2025లో అదే న్యాయస్థానపు ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు సరియైనదేనా యని సందేహించి, విషయమును ప్రధాన న్యాయమూర్తి ముందుంచిరి. తుదకేమగునో న్యాయస్థానము చూచుకొనును. మనలో మనము అడుగుకొనవలసిన దొకటి కలదు. మన భాష పేర అల్పసంఖ్యాక హోదా పొందిన విద్యాసంస్థలలో, ఆ హోదా వలన బీదబిడ్డకు తలుపు మూయగలిగినవానిలో, ఆ భాషను చెప్పుచున్నవెన్ని? భాష పేర హక్కు తెచ్చుకొని, భాషను విడిచి, హక్కును మాత్రము ఉంచుకొనుట ఏ ధర్మము? ఈ వాక్యము కొందరు మిత్రులకు నొప్పి కలిగింపవచ్చును. కార్యదర్శిగారు దీనిని కొట్టివేయకుందురని నమ్ముచున్నాను.

ఇక ఆ పాచిపని అమ్మ సంగతి. ఎన్నికలైన పిమ్మట నేను ఒక అర్జీ వ్రాసితిని, ఆమె పేర, తమిళమున. ముప్పది యైదేండ్లు నేర్చిన విద్య అది యొక్కటే. నగరసంస్థకు ఒక ప్రతి, విద్యాశాఖకు ఒక ప్రతి. ఆమె వ్రేలిముద్ర వేయబోయి, వద్దని చెప్పి, తెలుగున నెమ్మదిగా అక్షరములు కూర్చి చేవ్రాలు చేసినది. మూడవ తరగతి వరకు తెలుగు బడిలోనే చదివినదట. కొన్ని వారములకు కొళాయి నీరు వచ్చెను. తెలుగు అయివారు రాలేదు. నా అర్జీ వలననే నీరు వచ్చినదని నేననను; ఆ యేడు వానలును మెండుగా కురిసినవి.

2024లో ప్రభుత్వబడులలో పాఠశాల నిర్వహణ సంఘములను క్రొత్తగా కూర్చునప్పుడు పూర్వవిద్యార్థులకును చోటు కల్పించిరి. ఆ మాట విని, వేప్పనపల్లికి తిరిగివచ్చిన పిమ్మట, ఒకనాడు మా పల్లె బడికి పోయితిని. పెంకుల కప్పు లేదు, ఇప్పుడు మిద్దె. ప్రధానోపాధ్యాయిని క్రొత్తగా వచ్చినవారు, చిన్న వయసు. నన్ను కుర్చీలో కూర్చుండ బెట్టి, "మీ మనుమడు ఏ తరగతి అయ్యా?" అని అడిగిరి.

మా వాడెవడును ఇచ్చట లేడంటిని. మీ వీధి పిల్లలా యని అడిగిరి. కాదంటిని. ఆమె కొంచెము తబ్బిబ్బై, ఏ పనిమీద వచ్చితిరో చెప్పుమనిరి. నేనిచ్చట 1965లో చేరితిని, పూర్వవిద్యార్థిని, అని చెప్పితిని. ఆమె బీరువా తెరచి పాత చేరికల పుస్తకములు కొన్ని తీసి చూచిరి గాని అంత పాతది దొరకలేదు. దొరకకున్న ఏమిలెండని, సంఘపు పుస్తకములో నా పేరు వ్రాసికొని, సమావేశము నెలకొక శుక్రవారము సాయంకాలమనియు, ముందుగా రెండవ తరగతి గది కిటికీ సంగతి తేల్చవలెననియు చెప్పిరి.